తాడు మీద చెయ్యి

నిడదవోలు
11 నవంబరు 2025

అత్తా,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు అడగాల్సింది అడిగేస్తాను. ఆదివారం మా వాళ్ళు సామాన్లు పంచుతుంటే నువ్వు మధ్యలో వెళ్ళిపోయావట, నిజమేనా?

ఫోన్‌లో అడుగుదామంటే నీకు స్పీకరు పెడితే గానీ వినపడదు. స్పీకరు పెడితే ఆ స్కూలు గదిలో మీతో తలదాచుకున్న కుటుంబాలన్నీ వింటాయి. నిన్న నేను "ఏం జరిగిందత్తా" అనగానే వెనకాల ఎవరో దగ్గారు. నువ్వు "అంతా బాగానే ఉందమ్మా" అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. నా పెళ్ళయిన కొత్తలో నీకు రాసేదాన్ని, మళ్ళీ ఇన్నాళ్ళకి.

తుఫానుకి మీ ఇల్లు సముద్రంలో కలిసిందని విన్న రోజు నుంచి నాకు కుదురు లేదు. క్లాసులో లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో మర్చిపోతున్నాను. మా 'గోదావరి మిత్రులు' బృందంలో అందరినీ బతిమాలాను. రైసుమిల్లు రాజేంద్ర గారు బియ్యం ఇచ్చారు. దుప్పట్లు, గిన్నెలు, టార్పాలిన్లు మేమే ఊరంతా తిరిగి పోగుచేశాం. ఆదివారం నాకు పరీక్షల డ్యూటీ పడింది, లేకపోతే నేనే వచ్చేదాన్ని. నా బదులు అశోక్‌ని పంపాను. సెల్‌ఫోన్ల షాపు అతను. పాపం, ఆదివారం బేరం వదులుకుని వచ్చాడు.

అతను చెప్పింది ఇదీ. మైకులో నీ పేరు పిలిచాడు. నువ్వు మా బృందం బ్యానరు దాకా వచ్చి, సంచీ వంక చూసి, అతని ముఖం చూసి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయావు. నీ వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. తెచ్చిన సామాను సగం వెనక్కి వచ్చింది. రాజేంద్ర గారు అందరి ముందూ "మీవాళ్ళకి అవసరం లేదేమోనండీ టీచరుగారూ" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

నేను స్వయంగా రాలేదని కోపమా? అన్న కూతురు ఎవరినో పంపి చేతులు దులుపుకుందని అనుకున్నావా? అలా అయితే నన్ను తిట్టు, పడతాను. కానీ అంతమంది నోటి దగ్గర కూడు ఎందుకు తీసేశావు?

మావయ్య బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా?

నీ మేనకోడలు
దుర్గాసాయి


ఉప్పాడ
15 నవంబరు

అమ్మాయ్ దుర్గాసాయీ,

పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి నా పేరు కేకేసేసరికి గదిలో వాళ్ళందరూ ఇళ్ళ స్థలాల కాగితమేమోనని మూగారు. మా అన్నయ్య కూతురు రాసిందిరా బాబూ అంటే విసుక్కుని పోయారు. నీ ఉత్తరం చదవడానికి రాళ్ళగట్టు దాకా నడిచి వెళ్ళాను. ఇక్కడ ఏడవాలన్నా చోటు వెతుక్కోవాలి.

కోపం నీ మీద కాదు. ఆ అశోక్ మీద కూడా కాదు. మంచి పిల్లాడు. మీ మావయ్య మంచినీళ్ళ డబ్బా మోస్తుంటే పరిగెత్తుకొచ్చి అందుకున్నాడు. కానీ మైకు పట్టుకునేసరికి ఏమైందో అతనికి. "తరవాతి లబ్ధిదారు శ్రీమతి బుల్లెమ్మ గారు" అన్నాడు. నలభై ఏళ్ళు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పిఠాపురం సందులన్నీ తిరిగాను, నన్ను ఎవరూ అంత మర్యాదగా పిలవలేదు. ఆ మర్యాదే నాకు ఎబ్బెట్టుగా తోచింది. బ్యానరు ముందుకి వెళితే సంచీ ఒక చివర నన్ను పట్టుకోమన్నాడు, ఇంకో చివర ఎవరో పెద్దమనిషి పట్టుకున్నాడు. "కెమెరా కేసి చూసి కొంచెం నవ్వండి మామ్మగారూ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చెయ్యీ రాలేదు. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

నా వెనక ఉన్నవాళ్ళని నేను రమ్మని పిలవలేదు. తలుపులమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది. తలుపులమ్మ నీకు గుర్తుందో లేదో, మా పక్కింటి పిల్ల. పోయిన ఏడాది దాని మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పదేళ్ళ కూతురుంది, దేవిశ్రీ అని. దాని ఇల్లూ మాతోనే పోయింది. దాని చేతిలో ఆ బియ్యం పడి ఉంటే బాగుండేదని నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు నుంచి నాకు అన్నం దిగడం లేదు.

మీ మావయ్య అచ్చిబాబు గారు మాత్రలు వేసుకుంటున్నారు. మన వంటింటి గోడ ఒక్కటి నిలబడి ఉంది, పొద్దున్నే వెళ్ళి దాని నీడన కూర్చుంటారు. సముద్రం అదీ తీసుకుపోయే దాకా అక్కడే కాపలా కాస్తారట.

నువ్వు నా కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోకు. మళ్ళీ ఏమీ పంపకు.

అత్త
బుల్లెమ్మ


నిడదవోలు
19 నవంబరు

అత్తా,

"మళ్ళీ ఏమీ పంపకు" అన్న మాట నాలుగుసార్లు చదివాను. కోపం నా మీద కాదంటూనే ఎంత మాట అన్నావు!

ఫోటో గురించి నీకు తెలియదు. ఫోటో చూపిస్తేనే ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇస్తారు. రాజేంద్ర గారు ఊరికే అడగరు, ఇచ్చింది చేరిందో లేదో చూసుకోవాలని అడుగుతారు. మాకు మాత్రం సరదానా? సెలవు రోజుల్లో ఇంట్లో పని వదిలేసి గుమ్మం గుమ్మం తిరుగుతాం. మా ఆయన ఉదయభాస్కర్ అయితే "నీకు జీతం ఎంతిస్తారు దుర్గా ఈ ఉద్యోగానికి" అని వెక్కిరిస్తాడు. మొన్న నీ సంగతి విని ఆయన కూడా వెక్కిరింపు మాని టీవీ కట్టేసి కూర్చున్నాడు. అది ఇంకా బాధగా ఉంది.

నువ్వు ఎన్ని చెప్పినా నాకు ఒకటే అర్థమవుతోంది. అందరితో పాటు వరసలో నిలబెట్టడం నీకు నచ్చలేదు. నిజమే. సొంత మేనత్తవి, నిన్ను అందరిలో కలపడం నా తప్పే. అందుకని నీకు విడిగా బస్సు పార్శిల్ వేశాను. రెండు చీరలు, మావయ్యకి స్వెట్టరు, చిన్న కుక్కరు, బెల్లం గవ్వలు. ఇది బృందం సొమ్ము కాదు, నాది. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరూ ఫోటో తీయరు. కాదనకు.

తలుపులమ్మ సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు అన్నం తిను.

దుర్గాసాయి


ఉప్పాడ
25 నవంబరు

దుర్గాసాయికి,

నీ పార్శిల్ అందింది. అందకపోయినా బాగుండేది.

ఆ అట్టపెట్టె ఎక్కడిదే నీకు? దాని మీద నాలుగు వైపులా మీ 'గోదావరి మిత్రులు' బొమ్మ అంటించి ఉంది. ఆటో అబ్బాయి తెచ్చి గది నడిమధ్యన దించాడు. ఆదివారం నాడు వద్దని వచ్చేసిన ఆడవాళ్ళందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. తలుపులమ్మ లేచి పెట్టె దగ్గరికి వచ్చి, బొమ్మ మీద వేలు పెట్టి చూసి అంది, "మమ్మల్నందర్నీ లేపుకొచ్చేసి నువ్వు సాటుగా తెప్పించుకున్నావా పెద్దమ్మా? నాకు చెప్పుంటే నేనూ అడిగేదాన్ని కదా."

ఇది నా మేనకోడలు సొంతంగా పంపిందే అంటే నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? కుక్కరూ గవ్వలూ గదిలో అందరికీ ఇచ్చేశాను. చీరలు పెట్టెలోనే ఉన్నాయి. గవ్వలు పిల్లలు తిన్నారు, దేవిశ్రీ మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు విను. గుజరాత్‌లో రొయ్యలు ఒలిచే షెడ్లకి మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రి ఒకడు ఊళ్ళోకి వచ్చాడు. తలుపులమ్మ వస్తానని చెప్పేసింది. డిసెంబరు ఏడు, ఆదివారం పొద్దున వ్యాను. పిల్లని తుని దగ్గర అన్నగారింట్లో వదిలేస్తుందట. ఆ వదినగారి సంగతి నాకు తెలుసు. పిల్ల చదువు ఆ రోజుతో సరి. చూస్తూ కూర్చోవాలి నేను. తలుపులమ్మ నాతో మాట్లాడడమే మానేసింది.

నువ్వు నన్ను వరసలో నిలబెట్టినందుకు అలిగాననుకుంటున్నావు. నీకు ఎలా చెప్పాలే? నువ్వు చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వచ్చేదానివి, అలివి వల లాగడం చూశావు. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో అరచందమామలా వదిలి, రెండు తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. అటూ ఇటూ జనం నిలబడి లాగుతారు. తాడు మీద ఎవరు చెయ్యి వేస్తే వాళ్ళకి చేపల్లో వాటా. వల పెద్ద గంగరాజు పంచేటప్పుడు నువ్వెంత లాగావని ఎవరినీ అడగడు. ముసలమ్మలు, మొగుడు పోయినవాళ్ళు, జ్వరం పడి లేచినవాళ్ళు తాడు తోక దగ్గర నిలబడి ఊరికే చెయ్యి ఆనిస్తారు. అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడరు. వాళ్ళూ తలెత్తుకుని వాటా పట్టుకుపోతారు. తలుపులమ్మ ఏడాదిగా బతికింది అలాగే. పెట్టినవాళ్ళు లేరు, పుచ్చుకున్నవాళ్ళు లేరు. తుఫానులో వల చిరిగిపోయింది, తాళ్ళు ఇసకలో కలిసిపోయాయి. ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటుంటే వల ఎవరికి పట్టింది?

అలా బతికినవాళ్ళని పేరు పెట్టి పిలిచి నవ్వమంటే ఎలా నవ్వుతారు?

నాకు ఒళ్ళు మండుతోంది. నువ్వు మంచే చేస్తావు, చేసిన ప్రతిసారీ ఇక్కడ ఏదో ఒకటి విరుగుతుంది. నువ్వు రావద్దు, ఏమీ పంపొద్దు.

బుల్లెమ్మ


నిడదవోలు
28 నవంబరు

అత్తా,

ఆ పెట్టె బృందం సామాన్లు పెట్టే గదిలో మిగిలిపోయిన ఖాళీ పెట్టె. చేతికి దొరికింది కదా అని తీసుకున్నాను. బొమ్మ పీకెయ్యాలని తోచలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

తాడు సంగతి నాకు గుర్తుంది. ఏడేళ్ళ పిల్లని, నీ పక్కన నిలబడి తాడు పట్టుకున్నాను. గంగరాజు గారు నా చేతిలో ఒక కానాగంత చేప పెట్టారు. నీ అన్న అమ్మిరాజు కూతుర్ని కదా, ముద్దుకి ఇచ్చారనుకుని నాన్నకి చూపించడానికి పరిగెత్తాను. నిన్న రాత్రి నీ ఉత్తరం చదివే దాకా అలాగే అనుకుంటున్నాను.

ఈ రోజు బృందం మీటింగు పెట్టించాను. ఇక సంచులు వద్దు, వలకి తాళ్ళూ నైలాను దారమూ కొందామన్నాను. పెద్ద గొడవయింది. "వల ఇస్తే ఫోటోలో ఎవర్ని నిలబెడతామండీ?" అన్నారు రాజేంద్ర గారు. ఎవర్నీ వద్దండీ అన్నాను. "మరి అందిందని నాకెలా తెలుస్తుంది?" అన్నారు. వెళ్ళి లాగి చూడండి, బరువు తెలుస్తుంది అన్నాను. నోరు జారింది. ఆయన లేచి వెళ్ళిపోయారు. అశోక్ మాత్రం కాసేపు గోళ్ళు కొరుక్కుని "నేను తీసుకెళతానక్కా" అన్నాడు. మైకు తీసుకెళ్ళొద్దని చెప్పాను. "మైకు ఊసెత్తకక్కా" అన్నాడు.

అతను సోమవారం కాకినాడలో తాళ్ళు కొని అక్కడికి వస్తాడు. ఏం తాడు కొనాలో గంగరాజు గారిని ఫోన్‌లో చెప్పమను. మావాళ్ళు ఇంకో నలుగురు శనివారం వస్తారు. దారం అల్లడం రాకపోయినా ఇసక తవ్వి పాత తాళ్ళు బయటికి తీస్తారు.

నేను రాను. నువ్వు రావద్దన్నావు.

తలుపులమ్మని ఒక్క వారం ఆపలేవా అత్తా?

దుర్గాసాయి


ఉప్పాడ
2 డిసెంబరు

దుర్గాసాయీ,

అశోక్ వచ్చాడు. తాళ్ళు మంచివే. గంగరాజు చేత్తో నలిపి చూసి తలాడించాడు. ఆ అబ్బాయి గోడ పక్కన మీ మావయ్య దగ్గర మకాం పెట్టాడు. ఇద్దరూ వల పరుచుకుని కూర్చున్నారు. మీ మావయ్య ఇన్నాళ్ళకి సముద్రం కేసి కాకుండా చేతుల్లో పని కేసి చూస్తున్నారు. అశోక్ వేసిన ముడులు ఆయన మాట్లాడకుండా విప్పి మళ్ళీ వేస్తున్నారు. అతను గమనించినా ఇంకో ముడి అందుకుంటాడు.

తలుపులమ్మని ఎలా ఆపను? నేను గదిలోకి వస్తే అది బయటికి పోతుంది. నిన్న అది సంచీ సర్దుకుంటూ దేవిశ్రీ స్కూలు పుస్తకాలు తీసి పక్కన పెట్టింది. ఆ పిల్ల వాటిని మళ్ళీ లోపల పెట్టింది. తల్లి మళ్ళీ తీసింది. నేను చూడలేక లేచి వచ్చేశాను.

శనివారానికి వల అవుతుందంటున్నాడు గంగరాజు. గాలి తూర్పుకి తిరిగితే ఆదివారం పొద్దున వేస్తాడట. వ్యానూ అప్పుడే. నాకు కాలు నిలవడం లేదు.

అత్త


నిడదవోలు
4 డిసెంబరు

అత్తా,

రెండు ముక్కలే. ఆదివారం నాకు డ్యూటీ లేదు. సామర్లకోట దాకా రైలు, అక్కణ్ణించి బస్సు, ఎంతలో వస్తాను! బ్యాగు కూడా తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. నేను మంచి చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుందన్నావు. ఈసారి అది విరగకూడదు.

ఆ ఉదయమంతా నాకు ఏమీ తోచదు. అయిపోయాక రాయి. ఫోన్ చెయ్యకు, నీ గొంతు వింటే ఏడుస్తాను.

దుర్గాసాయి


ఉప్పాడ
8 డిసెంబరు

అమ్మాయ్,

నిన్ను రావద్దన్నది ఒళ్ళు మండి అన్నమాట. ఒళ్ళు చల్లబడ్డాక కూడా పట్టుకు వేలాడతావా? మీ నాన్న కూడా ఇంతే. ఒకసారి నేను "నా గుమ్మం తొక్కకు" అంటే ఏడాది రాలేదు.

సరే, విను. నిన్న పొద్దున్నే వల వేశారు. గాలి బాగానే ఉంది. ఒడ్డు ఇంతకుముందులా లేదు, రాళ్ళగట్టు అవతల కాస్త ఇసక మిగిలిన చోట నిలబడ్డాం. గంగరాజు ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. "చెయ్యెయ్యండ్రా" అని ఒక్క కేక వేశాడు. గదిలో వాళ్ళందరూ వచ్చారు. మీ అశోక్, శనివారం వచ్చిన నలుగురూ ముందు వరసలో దిగారు. మీ రాజేంద్ర గారు కూడా వచ్చాడు తెలుసా? కారు దూరంగా ఆపి కాసేపు చూశాడు. తర్వాత ప్యాంటు మడతపెట్టుకుని వచ్చి తాడు పట్టుకున్నాడు. కాసేపటికి "బాబోయ్, ఇంత బరువేంటండీ" అన్నాడు. బరువు తెలిసిందని నువ్వే చెప్పుకో ఆయనకి.

నేను తోక దగ్గర ఉన్నాను. లాగుతున్నాను గానీ నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వ్యాను వచ్చింది. హారన్ కొట్టాడు. తలుపులమ్మ సంచీ భుజాన వేసుకుని, పిల్లని చేత్తో పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. మా వైపు చూసింది. పిలుద్దామని నోటి దాకా వచ్చింది. పిలవలేదు. పిలిస్తే ఆ మైకుకీ నాకూ తేడా ఏముంది? ముఖం సముద్రం వైపు తిప్పేసుకున్నాను.

కాసేపటికి నా వెనక తాడు కదిలింది. ఎవరో చెయ్యి వేశారు. నేను తిరిగి చూడలేదు. ఇంకొంచెం సేపటికి ఆ చేతి కింద ఒక చిన్న చెయ్యి కూడా పడిందని తాడే చెప్పింది. హారన్ రెండుసార్లు మోగి ఊరుకుంది. మేస్త్రి గట్టు మీద నుంచి ఏదో తిట్టి పోయాడు.

చేపలు ఎక్కువ పడలేదు. కాసిని కానాగంతలు, కవ్వళ్ళు. గంగరాజు ఎప్పటిలాగే కుప్పలు పెట్టాడు. మీ వాళ్ళకీ పెట్టాడు. వాళ్ళు "మాకెందుకండీ, వద్దండీ" అన్నారు. గంగరాజు కళ్ళెర్రజేశాడు. "తాడు మీద సెయ్యేసినోడు వద్దనకూడదండీ" అన్నాడు. అప్పుడు చూడాలి వాళ్ళని! చేతులెలా పట్టాలో తెలియలేదు. అశోక్ షర్టు అంచు పట్టాడు. రాజేంద్ర గారు ఆ తెల్ల చొక్కాలోనే పోయించుకున్నాడు, ముఖం ఎర్రబడిపోయింది. మా ఆడవాళ్ళు నవ్వారు. కెమెరా లేకుండానే నవ్వారు. ఫోటో ఎవరూ తీయలేదు, అందరి చేతుల నిండా చేపలే ఉన్నాయి.

తలుపులమ్మ తన వాటా కొంగులో కట్టుకుంది. ఆ చేపలకి ఆగిపోయిందని నేను అనుకోవడం లేదు. రెండు పూటలకి కూడా రావు అవి. సంచీ ఇంకా విప్పలేదు. వెళుతూ వెళుతూ నా పక్కన ఆగి, "రేపు కూడా ఏత్తారా పెద్దమ్మా?" అని అడిగింది. అంతే, ఇన్నాళ్ళకి అది నాతో ఆడిన మాట. ఏమో తల్లీ, గాలిని బట్టి అన్నాను. ఈ రోజు వేశారు. అది వచ్చింది. దేవిశ్రీ స్కూలుకి వెళ్ళింది. రేపటి సంగతి నాకు తెలియదు. ఆ మేస్త్రి ఊళ్ళోనే తిరుగుతున్నాడు. నాకు ఇంకా నిద్ర సరిగా పట్టడం లేదు.

నీకు వాటా పెట్టమని మీ మావయ్య గొడవ చేశారు. తాళ్ళు పంపింది అది కదా, ఎండబెట్టి పంపుదాం అన్నారు. గంగరాజు కూడా సరేనన్నాడు. నేనే వద్దన్నాను. చిన్నప్పుడు నీ చేతిలో పడ్డ ఆ కానాగంత ఎవరూ ముద్దుకి ఇవ్వలేదు, అది నీ వాటా. ఇప్పుడు నీకు వాటా లేదు. తాడు మీద నీ చెయ్యి పడలేదు.

వచ్చి వెయ్యి.

అత్త
బుల్లెమ్మ